కప్ప ఈతకు కాస్త ఆగండి!

మోకాలికి దెబ్బ తగిలాక నీళ్లను మించిన తోడు లేదు. చిక్కల్లా మనకు బాగా వచ్చిన ఈతతోనే.

2023 మార్చి. ఈతకొలనులో ఓ యువకుడు చేతికర్ర ఊతంగా ఒక్కో అడుగూ వేస్తున్నాడు. ఈదడం లేదు, నడుస్తున్నాడంతే. అతను క్రికెటర్ రిషభ్ పంత్. 2022 డిసెంబరు 30న జరిగిన కారు ప్రమాదంలో కుడి మోకాలి లిగమెంట్లు దెబ్బతిని, ఆపరేషన్ అయ్యాక పెట్టిన వీడియో అది. ఆ కొలను నుంచి ఐపీఎల్ మైదానం చేరడానికి అతనికి మరో ఏడాది పట్టింది.

నీళ్లే ఎందుకంటే, అవి బరువు మోస్తాయి. 70 కిలోల మనిషి నడుము లోతులో నిలబడితే కాళ్లమీద పడేది సుమారు సగమే. ఛాతీ లోతులో 20-25 కిలోలు. మెడదాకా మునిగితే ఏడెనిమిది కిలోలు! నేలమీద కుంటే కాలు నీళ్లలో తిన్నగా అడుగేస్తుంది. అయితే కుట్లు తీసి, గాయం పూర్తిగా మూసుకుని, డాక్టరు సరేనన్నాకే దిగాలి.

కాలు మరిచిపోని తన్ను

మనలో చాలామంది ఈత నేర్చుకున్నది ఊరి బావిలోనో, పంటకాలువలోనో. నడుముకి బెండో, ఎండిన ఆనపకాయ బుర్రో కట్టి నీళ్లలోకి తోస్తే ఒంటికి పట్టింది కప్ప ఈతే (బ్రెస్ట్‌స్ట్రోక్). ఇప్పుడు ఇబ్బంది దానితోనే. మోకాళ్లు మడిచి, పాదాలు బయటికి తిప్పి గుండ్రంగా తన్నినప్పుడు మోకాలి లోపలివైపు లిగమెంటు సాగుతుంది. ఏ దెబ్బా తగలని పోటీ ఈతగాళ్లకే అక్కడ నొప్పి వస్తుంటుంది. దానికి ‘బ్రెస్ట్‌స్ట్రోకర్స్ నీ’ అని పేరు కూడా పెట్టారు.

అందుకే మొదట ఛాతీ లోతులో పది నిమిషాల నడక: ముందుకి, వెనక్కి, పక్కకి. తర్వాత తొడల మధ్య, నీళ్లలో తేలే దిమ్మెలాంటి పుల్‌బాయ్ బిగించి చేతులతోనే ఈదడం. ఆ తర్వాత ఫ్రీస్టైల్. అందులో కాలు తుంటి నుంచి కదలాలి, మోకాలు కొద్దిగానే వంగాలి. గట్టుమీంచి దూకడం, గోడను బలంగా తన్ని మళ్లడం ఇప్పుడే వద్దు. ఇనుప నిచ్చెన కన్నా మెట్లు మేలు. తడి టైల్స్ మీద మరీ జాగ్రత్త.

బలం నేలమీదే

నీళ్లు బరువు మోసిపెడతాయి కాబట్టే, వాటితోనే కాలికి పూర్తి బలం రాదు. వాచిన మోకాలు తొడ ముందు కండరాన్ని పూర్తిగా పనిచేయనివ్వదు. కొద్ది వారాల్లోనే అది పలచబడుతుంది. టేపుతో రెండు తొడలూ కొలిస్తే తేడా తెలుస్తుంది. మోకాలి కింద తువ్వాలు చుట్టపెట్టి ఐదు సెకన్లు అదిమిపట్టడం, కాలు వంచకుండా పైకెత్తడం, మడమను పక్కమీద జార్చుతూ మోకాలు మడవడం... ఫిజియోలు మొదట చేయించేవి ఇవే. తర్వాతే సైకిలు, మెట్టు ఎక్కి దిగడం, గోడకు ఆని సగం కూర్చోవడం. మోకాలి మధ్యలోని ఏసీఎల్ లిగమెంటుకు ఆపరేషన్ అయినవాళ్లు కబడ్డీ, ఫుట్‌బాల్ లాంటి ఒక్కసారిగా మలుపు తిరిగే ఆటలకు కనీసం తొమ్మిది నెలలు ఆగాలి. అప్పుడూ కాలిబలం పరీక్షించుకునే వెళ్లాలి.

ఎంత చేయాలో మర్నాటి మోకాలు చెబుతుంది. పొద్దున లేవగానే రెండు మోకాళ్లూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. చిప్ప పక్కనుండే గుంట పూడినట్టుంటే నిన్న ఎక్కువైంది. వ్యాయామంలో ఒక మెట్టు దిగండి. మోకాలు పట్టేసినా, నడుస్తుంటే జారిపోతున్నట్టున్నా డాక్టరు దగ్గరికే.

నలభై ఏళ్ల వయసులో పుల్‌బాయ్ పెట్టుకుని పిల్లల పక్కన ఈదాలంటే నామోషీగా ఉంటుందా? చిన్నప్పుడు నడుముకి కట్టిన బెండు ఇప్పుడు తొడల మధ్యకు చేరింది, అంతే. అప్పుడూ ఎవరూ మొదటిరోజే దాన్ని విప్పేయలేదుగా!