గిటారు తీగ గరగరమంటే...

“అయ్యగారూ, క్రిస్మస్ అప్పుడు మంచిగనే మోగింది. ఇప్పుడేమో తీగ ముడితే గరగరమంటున్నది.” ఎండాకాలంలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు సంఘాల్లో గిటారు వాయించే పిల్లల నుండి ఈ మాట తరచుగా వింటుంటాము. తల్లి బీడీలు చుట్టి, తండ్రి మరమగ్గం నడిపి కూడబెట్టిన డబ్బుతో కొన్న గిటారు అది. ఆ మోత విని, తన వేళ్లలోనే నేర్పు లేదనుకొని వాయించడం మానేసిన యౌవనస్థులు ఉన్నారు. చాలాసార్లు లోపం వేళ్లలో ఉండదు, కొయ్యలో ఉంటుంది. దానిని ఇంట్లోనే సరిచేసుకోవచ్చు.

తీగ ఊగేటప్పుడు కింద ఉన్న ఫ్రెట్‌కు, అంటే మెడమీది లోహపు గీటుకు, తగిలితే ఈ మోత వస్తుంది. మన ప్రాంతంలో ఎండలు 45 డిగ్రీలకు చేరినప్పుడు గాలిలో తేమ తగ్గి కొయ్య ఆరిపోతుంది. గిటారు పైపలక కొద్దిగా లోపలికి కుంగుతుంది, దానితోపాటు తీగలు కిందికి దిగుతాయి. వానాకాలంలో కొయ్య ఉబ్బి తీగలు పైకి లేస్తాయి. శ్రావణంలో తీగలు ఎత్తుగా ఉన్నాయని శాడిల్‌ను అరగదీసినవారికి వైశాఖంలో ఈ చిక్కు తప్పదు. కాబట్టి ఏదైనా అరగదీసే ముందు కాలాన్ని చూడండి.

మొదట చూడవలసినవి

తీగలను సరైన శ్రుతికి బిగించండి. పాట గొంతుకు అందలేదని శ్రుతి మరీ దించితే తీగ వదులై ఫ్రెట్లను కొడుతుంది. పడుగు సడలితే మగ్గం మీద ఏమవుతుందో సిరిసిల్లవారికి చెప్పనక్కరలేదు! వేలిని ఫ్రెట్‌కు దగ్గరగా, దాని వెనుక ఆనించి నొక్కండి. శ్రుతి బిరడాల మరలు, తీగల కొసలు వదులుగా ఉన్నాయేమో చూడండి. పాత తీగలైతే మార్చండి.

అప్పటికీ మోత పోకపోతే, అది ఎక్కడ వస్తుందో కనిపెట్టండి. ఏ ఫ్రెట్ నొక్కకుండా మీటినప్పుడు మాత్రమే వస్తే నట్ గాడి లోతైందని అర్థం. 1 నుండి 5 వరకు ఫ్రెట్ల వద్ద వస్తే మెడ మరీ తిన్నగా ఉన్నట్టు. పైఫ్రెట్లన్నిటిలో వస్తే శాడిల్ ఎత్తు చాలదు. ఒకే చోట వస్తే, ఆ పక్కనున్న ఫ్రెట్ పైకి లేచి ఉండవచ్చు.

మెడను పరీక్షించడం

లావు తీగను 1వ ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, 14వ ఫ్రెట్ దగ్గర మరో చేత్తో నొక్కి పట్టండి. 6, 7 ఫ్రెట్ల వద్ద తీగకు, ఫ్రెట్‌కు మధ్య సుమారు పావు మిల్లీమీటరు సందు, అంటే ఒక విజిటింగ్ కార్డు దూరేంత ఉండాలి. సందు అసలే లేకపోతే మెడ లోపలి ట్రస్ రాడ్‌ను వదులు చేయాలి. ఈ ఉక్కు కడ్డీ ఏర్పాటుకు అమెరికాలో 1923లో పేటెంట్ వచ్చింది. ఆరు తీగల లాగుడు కలిసి సుమారు 70 కిలోలు ఉంటుంది. ఆ బరువుకు మెడ వంగకుండా కాచేది ఈ కడ్డీయే. చవక గిటార్లలో కొన్నింటికి ఇది ఉండదు, లేదా తిప్పడానికి వీలుండదు. ముందుగా చూసుకోండి.

సరిపడే అల్లెన్ కీతో, గడియారం ముల్లుకు ఎదురు దిశలో పావు చుట్టు మాత్రమే తిప్పండి. మళ్లీ శ్రుతి చేసి, కొంతసేపాగి పరీక్షించండి. గట్టిగా ఉంటే బలవంతం చేయవద్దు. కడ్డీ తెగితే బాగుచేయడం చాలా కష్టం.

శాడిల్, నట్

12వ ఫ్రెట్ వద్ద లావు తీగ కింద సుమారు 2.5, సన్న తీగ కింద సుమారు 2 మిల్లీమీటర్లు ఉంటే చాలును. అంతకు తక్కువగా ఉండి మోత వస్తుంటే తీగలు సడలించి, శాడిల్‌ను పైకి తీసి, దాని కింద గట్టి కాగితపు పట్టీ పెట్టండి. శాడిల్ 1 మిల్లీమీటరు లేస్తే 12వ ఫ్రెట్ వద్ద తీగ అర మిల్లీమీటరు లేస్తుంది. శాడిల్ అతికించి ఉంటే, లేదా దాని కింద పికప్ ఉంటే పెకలించవద్దు. నట్ గాడి లోతైతే ఆ తీగ కింద చిన్న కాగితపు ముక్క మడిచి పెట్టండి. ఆదివారపు ఆరాధన గడుస్తుంది. తరువాత కొత్త నట్ వేయించవచ్చు. లేచిన ఫ్రెట్‌ను ఆకురాయితో మీరే రాయవద్దు. ఒకటి రాస్తే పక్కదానికి మోత వస్తుంది. అది మెకానిక్ పని.

మరల రాకుండా

రేకుల కప్పు కింద, గోడకు ఆనించి, ఎండ తగిలేచోట గిటారు ఉంచకండి. ఎండాకాలంలో రంధ్రాలు చేసిన సబ్బు డబ్బాలో తడిపి గట్టిగా పిండిన స్పాంజి పెట్టి పెట్టెలో ఉంచండి. నీరు కారకూడదు సుమా. వానలు మొదలవగానే దానిని తీసివేయండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడు వాయిస్తుంటే మోత వచ్చిందని కసరకండి. ఒక విజిటింగ్ కార్డు, ఒక స్కేలు వాని చేతికిచ్చి, పక్కన కూర్చొని చూడండి.