చిన్న ఇంజిన్.. కొండంత సవాలు
క్రూయిజ్ క్షిపణికి ప్రాణం టర్బోజెట్

హైదరాబాద్: క్రూయిజ్ క్షిపణి అనగానే దాని వేగం, దూరం గురించే చర్చ సాగుతుంది. ఆ రెండింటినీ శాసించే చిన్న జెట్ ఇంజిన్ మాత్రం మరుగునే ఉండిపోతుంది. అమెరికా హార్పూన్ క్షిపణిలోని జె402 టర్బోజెట్ బరువు సుమారు 46 కిలోలు. అది ఇచ్చే చోదక బలం దాదాపు 300 కిలోలు. ఇటువంటి ఇంజిన్‌ను సొంతంగా రూపొందించగల దేశాలు కొన్ని మాత్రమే.

పనితీరు ఇదీ..
ముందు నుంచి ప్రవేశించిన గాలిని కంప్రెసర్ అదిమి దహన గదిలోకి పంపుతుంది. అక్కడ ఇంధనం మండగా వెలువడే వేడి వాయువులు టర్బైన్‌ను తిప్పుతాయి. అదే ఇరుసుపై ఉన్న కంప్రెసర్ కూడా దానితోపాటే తిరుగుతుంది. మిగిలిన వాయువులు వెనుక నుంచి వేగంగా వెలువడటంతో క్షిపణి ముందుకు సాగుతుంది. మండటానికి కావలసిన ఆక్సిజన్‌ను రాకెట్ తనతోనే మోసుకెళ్లాలి. జెట్‌కు ఆ భారం లేదు. దూర ప్రయాణానికి దీనిని ఎంచుకోవడానికి కారణమిదే.

చిన్నదైతేనే కష్టం
బ్లేడు కొనకు, చుట్టూ ఉన్న తొడుగుకు మధ్య వెంట్రుకవాసి ఖాళీ ఉన్నా చిన్న ఇంజిన్‌లో గాలి జారిపోయి శక్తి వృథా అవుతుంది. పైగా ఇవి నిమిషానికి వేలాది చుట్లు తిరగాలి. క్షిపణి ఇంజిన్ ఏళ్ల తరబడి నిల్వలో ఉండి, ఆజ్ఞ అందిన క్షణాల్లోనే రాజుకోవాలి. విఫలమైతే రెండో అవకాశం ఉండదు.

లక్ష్య నుంచి మాణిక్ వరకు
మానవరహిత లక్ష్య విమానానికి హెచ్ఏఎల్ పీటీఏఈ-7 టర్బోజెట్‌ను రూపొందించింది. ఈ విమానం రాకెట్ సాయంతో ఎగిరి, పని ముగిశాక పారాచూట్‌తో దిగుతుంది. కనుక దాని ఇంజిన్‌ను తిరిగి వాడుకోవచ్చు. దూర శ్రేణి నిర్భయ్ తొలి పరీక్షలు మాత్రం విదేశీ ఇంజిన్‌తోనే సాగాయి. అనంతరం బెంగళూరులోని జీటీఆర్ఈ టర్బోజెట్ కన్నా ఇంధనం ఆదా చేసే మాణిక్ టర్బోఫ్యాన్‌ను తయారు చేసింది. 2024 ఏప్రిల్ 18న ఒడిశాలోని చాందీపూర్‌లో ఈ ఇంజిన్‌తో క్షిపణి పరీక్ష విజయవంతమైంది.

స్వదేశీ తయారీ ఎందుకంటే..
1987లో ఏర్పడిన క్షిపణి సాంకేతిక నియంత్రణ వ్యవస్థ పరిధిలో ఇటువంటి ఇంజిన్లూ ఉన్నాయి. 2016లో భారత్ అందులో సభ్యత్వం పొందినా, అమ్మాలా వద్దా అన్నది అమ్మే దేశం ఇష్టమే. కొనుగోలుపై ఆధారపడితే క్షిపణుల సంఖ్యను పరాయి దేశమే నిర్ణయించినట్లవుతుంది. ఈ తరహా టర్బో గ్యాస్ జనరేటర్ ఇంజిన్ల తయారీకి హైదరాబాద్‌కు చెందిన ఆజాద్ ఇంజినీరింగ్ 2024లో జీటీఆర్ఈతో ఒప్పందం కుదుర్చుకోవడం విశేషం.