పాతమేడలో పెండ్లి: అపోహలు, వాస్తవములు

పెండ్లిండ్ల కాలము సమీపించినప్పుడెల్ల, న్యూజిలాండులోని తెలుగు కుటుంబముల వాట్సాప్ బృందములలో, ఎవరు వ్రాసిరో తెలియని సందేశ మొకటి చేతులు మారుచు తిరుగుచుండును. నూరేండ్లు దాటిన కొయ్యమేడలలో పెండ్లి పెట్టుకొనరాదనియు, భూమి కొంచెము కదలినను అవి అతిథులపై కూలుననియు, గట్టి గోడలు గల హాలును చూచుకొనుటయే వివేకమనియు దాని సారాంశము. ఈ మాటను నమ్మి, పందొమ్మిదవ శతాబ్దపు కొయ్యమేడ నొకదానిని కుదుర్చుకొని, బయానా చెల్లించి, శుభలేఖలు సైతము పంచిన కుటుంబ మొకటి, నెలదినముల గడువు మాత్రమే యుండగా దానిని రద్దుచేసికొని, బయానా కోల్పోయి, తొందరలో దొరకిన పాత ఇటుకహాలులో పెండ్లి జరిపించినది. భూకంపమునకు వెరచి వారు విడిచినది ఈ దేశపు ఇంజనీర్లు సాధారణముగా నమ్మునట్టి నిర్మాణము. వెదకి చేరినది వారు మొట్టమొదట అనుమానించు నిర్మాణము. ఒక వదంతి ఇంతకుమించి చేయగల కీడేమున్నది?

ఈ భయము మనకెట్లు కలిగినదో ఊహించుట కష్టము కాదు. మన పల్లెలలో తాటాకును వెదురును లేనివాని యింటికిని, ఇటుకయు సున్నమును కలిగినవాని యింటికిని గుర్తులు. గోడ యెంత మందమైన ఇల్లంత గట్టిదని తాతలనాటినుండి వినుచున్నాము. కోనసీమలో తుఫానునకు ఎదురొడ్డి నిలువవలసిన ఇంటి విషయమున ఆ మాట సత్యమే. గాలి గోడను వెలుపలినుండి నెట్టును, గోడ తన బరువుతో దానిని ఎదిరించును. భూకంపమునందు కదలునది నేల; ఆ కదలికవలన భవనముపై పడు బలము ఆ భవనపు బరువునుబట్టి హెచ్చును; కనుక బరువైన గోడ తనకు తానే శత్రువగును. సున్నముతో పేర్చిన ఇటుకలు పైబరువును శతాబ్దములకొలది మోయగలవుగాని, ప్రక్కకు లాగబడినపుడు పట్టు విడుచును. ఆ గోడను అంతస్తుతోను పైకప్పుతోను ఇనుపకట్లతో బంధింపనిచో, అది వెలుపలికి ఒరిగి వీథిలో పడును. కొయ్యచట్రమన్ననో తేలికయైనది, వేలకొలది మేకులు దిగిన అతుకులు కొంచెము కొంచెము సడలుచు, కిఱ్ఱుమని మూల్గుచు, ఆ శక్తిని తమలో ఇముడ్చుకొనును. పూత రాలవచ్చును, తలుపులు బిగిసికొనవచ్చును. చట్రమంతయు మనుష్యులపై కుప్పగూలుట మిక్కిలి అరుదు.

ఈ పాఠమును వెల్లింగ్టను పౌరులు కష్టపడి నేర్చుకొనిరి. 1848లో వచ్చిన భూకంపము వారి ఇటుక కట్టడములను దెబ్బతీయగా, 1855 జనవరిలో వైరరాపా ప్రాంతమున పుట్టిన, 8.2 పరిమాణము గలదని అంచనా వేయబడిన మహాభూకంపము మిగిలిన సందేహములను తీర్చినది. అటుపిమ్మట ఆ నగరము కొయ్యను ఆశ్రయించినది. ఎంతగా ఆశ్రయించినదనగా, 1876లో పూర్తియైన ప్రభుత్వ కార్యాలయ భవనమును, చూపునకు రాతిమేడవలె నుండునట్లు మలచియు, కొయ్యతోనే కట్టిరి. అది నేటికిని నిలిచియున్నది. దానికి పదేండ్లు ముందు, 1866లో, ఫ్రెడరిక్ థాచరు అను మతాచార్యుడు రూపకల్పన చేసిన ఓల్డ్ సెయింట్ పాల్స్ చర్చి, రిము, టోటరా, మటాయి, కౌరి మొదలైన దేశీయ వృక్షముల కొయ్యతో లేచినది. నేడు పెక్కుమంది వధూవరులు కోరుకొను ఆ మందిరమున నిలిచి తలయెత్తి చూచినచో, తేనెవన్నె దూలములు ఇరుప్రక్కలనుండి వంపుగా పైకి సాగి శిఖరమున కలియుట కనబడును. కన్నులపండువైన ఆ దూలములే భవనమును నిలుపు ఎముకలు. అట్టిదానిని సైతము సంరక్షకులు ఇటీవల మరల దృఢపరచియున్నారు.

కాంక్రీటు కాంక్రీటే గదా యనువారికి 2011 ఫిబ్రవరి 22ను జ్ఞప్తికి తేవలసియున్నది. ఆ మధ్యాహ్నము క్రైస్ట్‌చర్చి నగరమున వచ్చిన భూకంపమున మరణించిన 185 మందిలో 115 మంది ఒకే యొక భవనమున, సీటీవీ భవనమున, ప్రాణములు విడిచిరి; అది 1980ల నాటి కాంక్రీటు కట్టడము. బలపరుపని ఇటుక కట్టడములు పడుటచే మరణించినవారు దాదాపు 40 మంది. వారిలో అధికులు ఆ భవనముల లోపల నున్నవారు కారు, వాని ముంగిట వీథిలో పోవుచున్నవారు. 2016 నవంబరులో కైకౌరా భూకంపము వచ్చినపుడు, వెల్లింగ్టను రేవుకడ 2005లో కట్టిన స్టాటిస్టిక్స్ హౌస్ అను కార్యాలయమున అంతస్తుల భాగములు క్రిందికి జారిపడినవి. అర్ధరాత్రి గావున ప్రాణనష్టము తప్పినది. ఇంతమంది మృతులను తలచుకొనిన పిమ్మటకూడ, భవనపు వయస్సును మాత్రమే చూచి క్షేమమును నిర్ణయించువారియెడల నాకు ఓర్పు మిగులుటలేదు.

చూడవలసినది వయస్సు కాదు, అంచనా. 2017 జూలై 1న అమలులోనికి వచ్చిన చట్టము ప్రకారము, అదే స్థలమున క్రొత్తగా కట్టు భవనమునకు విధించిన కనీస ప్రమాణమును నూరు శాతముగ గ్రహించి, అందు 34 శాతమునకు చేరనిదానిని భూకంపమునకు లొంగు భవనముగ నిర్ధారించిరి. అట్టి భవనముపై నోటీసు అందరికిని కనబడునట్లు అంటింపవలెను, దాని పేరు బహిరంగమైన రిజిస్టరులో ఎక్కవలెను. ఇంటర్నెట్టులో చిరునామా నిచ్చి ఎవరైనను ఆ రిజిస్టరును చూడవచ్చును. పదిమందికి సందేశమును పంపుటకు పట్టు కాలములో ఈ పని ముగియును. అయినను ఎవ్వరును దీనిని చేయరు.

దేశమంతయు ఒకే తీరున కంపించునని తలచుటయు పొరపాటే. అదే చట్టము ఆక్లండును, డునెడిన్‌ను భూకంపప్రమాదము తక్కువగు మండలములో చేర్చినది. కావున వెల్లింగ్టనునకు పనికివచ్చు భయమును ఆక్లండునకు మోసికొనిపోయి, అక్కడి హైవిక్, ఆల్బర్టను మేడలను వెలివేయుట న్యాయము కాదు. మౌంట్ ఆల్బర్టులోని ఆల్బర్టను మనకు పరాయిదనిపించునదికూడ కాదు. 1863లో దానిని కట్టించిన అలన్ కెర్ టేలరు భారతదేశమున పుట్టినవాడు. తరువాతికాలమున ఆ కొయ్యయింటికి చేర్చిన వరండాలలోను బురుజులలోను మన దేశపు ఛాయలున్నవని చూచినవారందరు చెప్పుదురు. పట్టుచీర కట్టిన పెండ్లికూతురు ఆ వరండాపై నిలిచినపుడు, ఆ కట్టడము ఆమెకొరకే వేచియున్నట్లు తోచును. ఓల్డ్ సెయింట్ పాల్స్‌వలెనే ఈ రెండు మేడలును హెరిటేజ్ న్యూజిలాండు సంస్థ సంరక్షణలో నున్నవి. పెండ్లివారిచ్చు అద్దె వాని పోషణకు తోడ్పడును. వదంతివలన పోవునది మన బయానా మాత్రమే కాదు.

కొయ్యమేడ యైనంతమాత్రమున ప్రశ్నలు అడుగనక్కరలేదని నా అభిప్రాయము కాదు. కొయ్యయిండ్లలోను పొగగొట్టములు ఇటుకవే. భూమి కదలినపుడు మొట్టమొదట పడునవి అవియే. వానిని ఇనుపపట్టీలతో బిగించిరా, పైభాగమును తొలగించిరా అని అడుగుడు. పెండ్లిపందిరిని మాత్రము పొగగొట్టము నీడలో వేయింపకుడు. రాతిమేడ యైనంతమాత్రమున విడువనక్కరయు లేదు: 2011లో దెబ్బతినిన క్రైస్ట్‌చర్చి ఆర్ట్స్ సెంటరులోని గ్రేట్ హాలును రాతిగోడల మరుగున ఉక్కుతోను కాంక్రీటుతోను దృఢపరచి 2016లో తిరిగి తెరచిరి.

ఇక, చారిత్రక జాబితాలో చేరిన భవనమునకు సర్కారువారు క్షేమపత్రము నిచ్చినట్లే యని మరికొందరు వాదింతురు. ఆ జాబితా, మొదటి తరగతియైనను రెండవ తరగతియైనను, చరిత్రపరమైన విలువను గుర్తించునదేగాని గోడబలమును కొలుచునది కాదు.

పాతమేడలలో హోమము చేయనీయరను మాటను మాత్రము, మనస్సు రాకున్నను, చాలవరకు నిజమని ఒప్పుకొనవలసియున్నది. నూటయేబదియేండ్ల ఎండిన కౌరి కప్పుక్రింద నేతిమంటను లేపుటకు ఏ సంరక్షకుడును సాధారణముగా అంగీకరింపడు. అంగీకరింపకుండుటయే అతని ధర్మము. పొగను పసిగట్టు పరికరము మ్రోగినచో మంగళవాద్యములు ఆగి, అతిథులందరు వెలుపలికి నడువవలసివచ్చును. అయితే ఇందుకై మేడను వదలుకొనవలసిన పనిలేదు. మన తెలుగు పెండ్లిలో సుముహూర్తమున జరుగునది జీలకర్రబెల్లము పెట్టుట. హోమమును సప్తపదియు ఆ తరువాత వచ్చునవి. ముహూర్తమును, మంగళసూత్రధారణమును, తలంబ్రాలను లోపల జరిపి, అగ్నికార్యమును పచ్చికపై ఇసుక పరచిన పళ్లెములోని ఇనుప హోమకుండమున జరుపవచ్చునని పురోహితునితో ముందే మాటాడుకొనుడు. వేసవిలో ఎండలు ముదిరి ఆరుబయటి మంటలపై నిషేధము విధించు ప్రాంతములు కలవు గనుక, ఆ వారమునకు అగ్నిమాపక శాఖవారి ప్రకటనను చూచుకొనుడు. తలంబ్రాలకై మందమైన దుప్పటి పరపించుడు. పలకల సందులలోనికి దిగిన పసుపు పాత నేలను ఒక పట్టాన విడువదు.

మిగిలిన నమ్మకములకు ఎక్కువ తావు అవసరము లేదు. పేరుగల భవనమున పెండ్లి జరిగినంతమాత్రమున అది చట్టబద్ధము కాదు. 3 నెలలలోపల వాడుకొనవలసిన లైసెన్సు, వివాహము జరిపించు రిజిస్టరైన సెలబ్రెంటు, కనీసము ఇద్దరు సాక్షులు ఉండవలెను. చారిత్రక భవనములన్నియు ప్రభుత్వమువి కావు. డునెడిన్ సమీపమున 1871లో మొదలిడిన లార్నక్ కోట ఒక కుటుంబపు సొత్తు. అక్కడ దయ్యములున్నవను కథలు వినుటకు బాగుండును, పెండ్లికి అడ్డు రావు. అరుంధతీదర్శనమునకు ఆరుబయలే కావలెనని పట్టుబట్టనక్కరలేదు. ఆక్లండునుండి దక్షిణమున ఆ నక్షత్రము దిగ్మండలము పైకే రాదు. హైదరాబాదు ముహూర్తమునకు ఏడున్నర గంటలు కలుపుకొనిన చాలుననుటయు తప్పే. లగ్నము స్థలమునుబట్టి మారును, ఇక్కడి గడియారము వేసవి శీతకాలములనుబట్టి మారును. కావున మేడను గంటల లెక్కన కుదుర్చుకొనుటకు ముందే ఆ ఊరికి ముహూర్తము పెట్టించుకొనుడు.

పిల్లల పెండ్లికి ఇట్టి మేడను ఎంచుకొన దలచిన తల్లిదండ్రులకు నా విన్నపమిది. భూకంపపు అంచనా ఎంత శాతము, అది ఏ సంవత్సరమున వేయబడినది, పొగగొట్టముల స్థితి యెట్టిది, లోపల ఎందరికి అనుమతి, వారందరు వెలుపలికి పోవు మార్గము లెన్ని, మంట ఎక్కడ పెట్టవచ్చును — వీనికి వ్రాతమూలకముగ జవాబు తీసికొనుడు. మంచి సంరక్షకుడు వీనిని విని సంతోషించును. శాతము చెప్పుటకు యజమాని వెనుకాడినచో మాత్రము, ఆ భవనము ఎంత సుందరమైనను, బయానా ఇయ్యకుడు.