ఎండలు ముదరకముందే ఇంటి నల్లా, సంపు, ట్యాంకు చూసుకోండి

మార్చి దాటిందంటే హైదరాబాద్‌లో నీళ్ల తిప్పలు మొదలవుతాయి. బోర్లలో నీటిమట్టం దిగిపోతుంది, ట్యాంకర్ల కోసం ఎదురుచూపులు పెరుగుతాయి. ప్లంబర్‌కు ఫోన్ చేస్తే 'రేపు వస్తా' అన్న మాటే వినిపిస్తుంది. అందుకే చలి తగ్గి, ఎండ ఇంకా ముదరని ఈ రోజుల్లోనే ఇంట్లో నీళ్లు వచ్చే దారినంతా ఒకసారి చూసుకోవడం మంచిది. ఇటీవలి సంవత్సరాల్లో రంజాన్ కూడా ఈ రోజుల్లోనే వస్తోంది. సెహరీ వేళ మోటార్ మొరాయిస్తే ఎంత ఇబ్బందో వేరే చెప్పనక్కర్లేదు.

నగరానికి కృష్ణా, గోదావరి నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి వస్తాయి. చాలా బస్తీల్లో నల్లా వచ్చేది రోజు విడిచి రోజే. వచ్చిన నీళ్లు సంపులో పడి, మోటార్ ద్వారా పైట్యాంకుకు ఎక్కి, అక్కడి నుంచి ఇంట్లోకి దిగుతాయి. అంటే మనం వాడేది నిల్వ నీరు. అందులో కారిపోయింది మళ్లీ నల్లా వచ్చేదాకా తిరిగి రాదు.

రాత్రి గుర్తు పెట్టండి, పొద్దున చూడండి

నీళ్లు ఎక్కడ కారుతున్నాయో తెలుసుకోవడానికి ఖర్చేమీ అక్కర్లేదు. అందరూ పడుకునే ముందు నల్లాలన్నీ కట్టేసి, పైట్యాంకులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో కర్రతో కొలిచి పెట్టుకోండి. పొద్దున ఎవరూ నీళ్లు వాడకముందే మళ్లీ కొలవండి. వెయ్యి లీటర్ల మామూలు గుండ్రటి ట్యాంకులో రెండు అంగుళాలు తగ్గినా నలభై, యాభై లీటర్లు పోయినట్టే.

మర్నాడు రాత్రి ట్యాంకు కింద ఉన్న గేట్‌వాల్వు కట్టేసి ఇదే పని చేయండి. ఈసారి తగ్గకపోతే లీకేజీ ఇంట్లోకి వచ్చే పైపుల్లోనో, నల్లాల్లోనో, ఫ్లష్‌లోనో ఉన్నట్టు. అప్పుడూ తగ్గితే ట్యాంకుకో, దాని కింద జాయింట్‌కో చిల్లు పడినట్టు.

సంపునూ ఇలాగే పరీక్షించవచ్చు. నల్లా రాని వేళ, మోటార్ ఆపేసి, గోడ మీద సుద్దతో గీత పెట్టండి. ఏడెనిమిది గంటల తర్వాత నీరు తగ్గితే గోడ పగిలిందని అర్థం. తగ్గకపోగా పెరిగితే మాత్రం ఇంకా జాగ్రత్తపడాలి. బయటి నీరు, ఒక్కోసారి డ్రైనేజీ నీరు, లోపలికి ఊరుతోందన్నమాట. సంపు బాగుచేయించేదాకా ఆ నీళ్లు తాగడానికి, వంటకు వాడకూడదు.

చుక్కే కదా అనుకోవద్దు

కారే నల్లా కింద గంటసేపు గిన్నె పెట్టి చూడండి. అర లీటరు పడితే రోజుకు 12 లీటర్లు, నెలకు 360 లీటర్లు. పాత నల్లాల్లో ఎక్కువగా అరిగేది రబ్బరు వాషరే. దాన్ని మారిస్తే సరిపోతుంది. సగం తిప్పితే తెరుచుకునే కొత్త రకం నల్లాల్లో లోపలి కార్ట్రిడ్జ్ మార్చాలి. ఇంటిల్లిపాదీ ఐదు పూటలా వజూ చేసే నల్లాయే ఎక్కువగా అరుగుతుంది కాబట్టి ముందు దాన్ని చూడండి.

ఫ్లష్ ట్యాంకు లీకేజీ కంటికి కనిపించదు, చప్పుడూ చేయదు. ట్యాంకులో కాస్త వంటరంగు వేసి అరగంట ఆగండి. ఫ్లష్ నొక్కకుండానే రంగు కిందికి వస్తే లోపలి రబ్బరు పోయినట్టే.

జలమండలి నెలకు ఇచ్చే 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం ఇళ్లకు 2021 జనవరిలో మొదలైంది. మీటర్ దాటాక కారిపోయే నీరు కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

మోటార్ తిరుగుతోంది, నీళ్లు ఎక్కడం లేదు

పైన పెట్టే మోటార్‌కు ప్రతిసారీ నీళ్లు పోసి ఆన్ చేయాల్సి వస్తోందంటే, సంపు అడుగున పైపు చివర ఉండే ఫుట్‌వాల్వులో చెత్త పట్టి ఉండొచ్చు, లేదా వాల్వు అరిగి ఉండొచ్చు. సంపు కడిగే రోజే దాన్ని మార్పించండి. నీళ్లు లేకుండా మోటార్ తిరిగితే కాలిపోతుంది. ఎండాకాలంలో సంపు చూడకుండా స్విచ్ వేయకూడదు.

జలమండలి నల్లా పైపుకు నేరుగా మోటార్ బిగించడం నిషేధం. అలా లాగితే పక్కింటికి నీళ్లు అందవు. పైగా పైపు ఎక్కడైనా పగిలి ఉంటే చుట్టుపక్కల మురుగునూ అది లోపలికి పీల్చేస్తుంది.

సంపులోకి దిగే ముందు

ఈ మొత్తం పనిలో ప్రాణం మీదికి వచ్చేది ఇదొక్కటే. మూసి ఉన్న సంపులో గాలి చెడిపోతుంది, ఆక్సిజన్ తగ్గుతుంది. దిగిన మనిషి క్షణాల్లో స్పృహ తప్పవచ్చు. అతణ్ని కాపాడాలని వెంటనే దూకిన రెండో మనిషి కూడా బలైపోయిన ఘటనలు చాలా ఉన్నాయి.

కడిగే ముందు మూత తీసి కొన్ని గంటలు వదిలేయండి. మోటార్ స్విచ్ ఒక్కటే ఆపితే చాలదు, మెయిన్ కూడా ఆపాలి. తడి సంపులో కరెంటు వైరు తెగి ఉంటే షాక్ తగులుతుంది. దిగే మనిషి నడుముకు తాడు కట్టి, పైన ఇద్దరైనా ఉండాలి. పిల్లల్ని దింపనే వద్దు. లోపల ఎవరైనా పడిపోతే దిగకండి. తాడుతో పైకి లాగుతూ 101కి, 108కి ఫోన్ చేయండి. లోతైన సంపు అయితే ఈ పని చేసేవాళ్లకే అప్పగించడం మేలు.

కడిగేటప్పుడు బ్లీచింగ్ పౌడర్‌ను యాసిడ్‌తో ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది. కడిగి నింపాక వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు, అంటే సుమారు అర టీస్పూను, మంచి బ్లీచింగ్ పౌడర్ చాలు. దాన్ని బకెట్ నీళ్లలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే పోసి, గంట ఆగాక వాడుకోండి.

మూత గట్టిగా పడుతుందో లేదో చూడండి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి నిల్వ నీళ్లలోనే. ఓవర్‌ఫ్లో పైపుకు సన్నటి జాలి కట్టండి. సంపు మూత మీద బరువు పెట్టడమో, తాళం వేయడమో చేస్తే చిన్నపిల్లలు పడిపోయే ప్రమాదమూ తప్పుతుంది.

మిగతా చిన్న పనులు

బోరు నీళ్లు వాడే ఇళ్లలో షవర్ రంధ్రాల్లో తెల్లటి సున్నం పేరుకుంటుంది. విప్పి రాత్రంతా వెనిగర్‌లో నానబెడితే వదులుతుంది. చలికాలమంతా వాడిన గీజర్‌లోనూ అదే సున్నం ఉంటుంది, ఇప్పుడే సర్వీస్ చేయిస్తే మంచిది. మిద్దె మీద ఎండకు గురయ్యే పీవీసీ పైపులు పెళుసుబారతాయి, వాటికి రంగు వేయించండి. వాడని బాత్‌రూమ్ నుంచి వాసన వస్తుంటే నేల జాలిలో నీళ్లు ఎండిపోయి ఉంటాయి, వారానికోసారి రెండు మగ్గుల నీళ్లు పోస్తే చాలు.

నల్లా నీళ్లు రంగు మారినా, మురుగు వాసన వచ్చినా ఆ నీళ్లు సంపులోకి వదలకండి. వెంటనే జలమండలి కస్టమర్ కేర్ 155313కు ఫిర్యాదు చేయండి, పక్కింటివాళ్లకూ చెప్పండి. ఒకే లైను మీద ఉన్న ఇళ్లన్నింటికీ అదే నీరు వెళ్తుంది.