వార్తల్లో పదం: ఎలక్ట్రోఫిజియాలజీ

వత్సవాయిలో ఎవరికైనా గుండె దడ వస్తే జగ్గయ్యపేటకో నందిగామకో వెళ్లి ఈసీజీ తీయించుకుంటారు. ఆసుపత్రికి చేరేలోపే దడ తగ్గిపోతే ఈసీజీ మామూలుగానే వస్తుంది. జబ్బు మాత్రం లోపలే ఉంటుంది. ఇలా వచ్చిపోయే లయ దోషాల్ని పట్టుకుని సరిచేసే వైద్యమే ఎలక్ట్రోఫిజియాలజీ.

గుండె పైభాగంలోని సైనస్ నోడ్ నిమిషానికి 60 నుంచి 100 సార్లు విద్యుత్ సంకేతం పంపుతుంది. ఆ సంకేతం దారి తప్పితే లయ చెడుతుంది. ఇలాంటి లయ దోషాల్లో, గుండె పై గదులు అస్తవ్యస్తంగా కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ను అస్సలు తేలిగ్గా తీసుకోకూడదు. గుండెలో రక్తం గడ్డకట్టి, పక్షవాతం ముప్పు సుమారు 5 రెట్లు పెరుగుతుంది.

చికిత్సగా తొడ దగ్గరి సిరలోంచి సన్నని క్యాథెటర్లు పంపి, దోషమున్న చోటును వెతికి, వేడితోనో అతిశీతలంతోనో ఆ కణాల్ని నిర్వీర్యం చేస్తారు. దీన్నే అబ్లేషన్ అంటారు. విద్యుత్ పల్స్‌లతో చేసే కొత్త పద్ధతి పల్స్‌డ్ ఫీల్డ్ అబ్లేషన్‌కు అమెరికా 2023 డిసెంబరులో తొలి అనుమతి ఇచ్చింది. న్యూయార్క్ మౌంట్ సైనాయ్‌లోని డాక్టర్ వివేక్ రెడ్డి ఈ పరిశోధనల్లో ముందున్నారు.

కాన్సస్ సిటీలో హార్ట్ రిథమ్ ఇన్‌స్టిట్యూట్‌ను నడిపిస్తున్న డాక్టర్ ధనుంజయ లక్కిరెడ్డిది మరో దారి. 2013లో వెలువడిన ఆయన బృందం అధ్యయనంలో, 3 నెలల యోగాతో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ రోగుల్లో దడ తగ్గింది. చిన్న అధ్యయనమే, మందులకు బదులు కాదు. అయినా నాకు నచ్చిన ఆలోచన.

ఇలాంటి చికిత్సలు చేసే కేంద్రానికి వైద్యుడొక్కడే చాలడు. దోషమున్న చోటును గుర్తించే మ్యాపింగ్ యంత్రాలు, శిక్షణ పొందిన టెక్నీషియన్లు, పేస్‌మేకర్ పరీక్షలు ఏళ్ల తరబడి చేసే క్లినిక్ కావాలి. దడ వచ్చిపోతుంటే 24 గంటలపాటు గుండె లయను నమోదు చేసే హోల్టర్ పరీక్ష గురించి డాక్టర్‌ను అడగండి.