పెద్ద అక్షరం, చిన్న అక్షరం

గ్రంథాలయంలో కంప్యూటరు ముందు కూర్చుని న్యూటన్ పేరును ఇంగ్లీషులో, అన్నీ చిన్న అక్షరాలతో కొట్టారనుకోండి. ఆ పేరుతో పుస్తకాలేవీ లేవని జవాబు వచ్చింది. తలెత్తి చూస్తే ఎదుటి బీరువాలోనే న్యూటన్ పుస్తకం కనబడుతోంది! కంప్యూటరు అబద్ధమాడిందా? లేదు. జాబితాలో ఆ పేరు మొదటి అక్షరం పెద్దది, మీరు కొట్టినది చిన్నది. మనకు రెండూ ఒకటే. జాబితాను వడపోసే ప్రోగ్రాముకు, ప్రత్యేకంగా చెబితే తప్ప, అవి వేర్వేరు.

ఎందుకంటే కంప్యూటరుకు తెలిసినవి సంఖ్యలే. ఆస్కీ అనే సంకేత పట్టికలో పెద్ద 'ఏ' 65, చిన్న 'ఏ' 97. పెద్ద 'బి' 66, చిన్న 'బి' 98. ఏ జత తీసుకున్నా తేడా 32. ఇది కాకతాళీయం కాదు. ద్విసంఖ్యామానంలో 65ను రాస్తే 1000001, 97ను రాస్తే 1100001. ఒక సున్న ఒకటిగా మారింది, అంతే! పట్టిక తయారుచేసినవారు కావాలనే ఇలా అమర్చారు.

కాబట్టి ఉపాయం సులువే. వెతికే మాటనూ, జాబితాలోని మాటనూ చిన్న అక్షరాల్లోకి మార్చి, ఆ తర్వాత పోల్చాలి. అసలు జాబితాను చెడగొట్టనక్కరలేదు, నకలు చాలు. వేలకొద్దీ పేర్లుంటే ఆ నకలును ముందే సిద్ధం చేసుకోవడం మంచిది. ప్రతిసారీ మార్చే శ్రమ తప్పుతుంది.

అయితే కనబడిన ప్రతి సంఖ్యకూ 32 కలుపుతూ పోతే కొంప మునుగుతుంది. ఆస్కీలో 65 నుంచి 90 వరకే పెద్ద అక్షరాలు. ప్రపంచ లిపులన్నిటికీ సంఖ్యలిచ్చిన యూనికోడ్ పట్టికలో మన 'క' 3093. దానికి 32 కలపండి. 3125 వస్తుంది. అది 'వ'! తెలుగులో పెద్ద, చిన్న అక్షరాల గొడవే లేదు గనుక మన లిపి జోలికి పోకుండా వదిలెయ్యాలి.

అసలు చిక్కు టర్కీ భాషతో. 1928లో ఆ దేశం లాటిన్ లిపిని స్వీకరించినప్పుడు 'ఐ' ఆకారంలో రెండు అక్షరాలు పెట్టుకుంది. ఒకదానికి పైన చుక్క ఉంటుంది, రెండోదానికి ఉండదు. పెద్దదిగా రాసినా, చిన్నదిగా రాసినా అంతే. ఇంగ్లీషులోనో, చిన్న 'ఐ'కి చుక్క ఉంది, పెద్దదానికి లేదు. ఇంగ్లీషు పద్ధతిలో మారిస్తే చుక్క లేని టర్కీ పెద్ద అక్షరం చుక్కతో తేలుతుంది. అంటే వేరే అక్షరమే అయిపోతుందన్నమాట!

అందుకే యూనికోడ్‌వారు ఏ అక్షరాన్ని దేనితో సమానంగా చూడాలో ఒక పొడవైన పట్టిక రాసి ఉంచారు. అందులో ఈ టర్కీ 'ఐ'ల కోసం ప్రత్యేకంగా రెండు వరుసలు ఉన్నాయి.