కీళ్లనొప్పులు – రాత్రి నిద్ర

అనంతపురం మెట్టసీమలో కీళ్లనొప్పులతో వైద్యుని వద్దకు వచ్చువారు "మోకాలు నొప్పి" అని మొదలుపెట్టుట తక్కువ. "రాత్రి గడిచేది లేదు సామీ" అనియే మొదలుపెట్టుదురు. పగలు వేరుశనగ చేనిలోనో, ధర్మవరపు మగ్గము గుంటలోనో, వంటయింటిలోనో పనిలోపడి నొప్పిని మరచియుందురు. దీపమార్పి పడుకొనిన పిమ్మట అది మేలుకొనును. ఇట్లు కొన్నాళ్లు గడచినచో ఇంటివారు నిద్రమాత్రలు తెచ్చియిచ్చుట పరిపాటి. ఇచటనే పొరపాటు జరుగుచున్నది. నిద్ర ఏ వేళకు చెడుచున్నదో గమనించినచో ఆ నొప్పి ఏ జాతిదో చాలవరకు తెలియును. జాతి తెలిసిన పిమ్మటనే నూనె రాయవలెనో, రాయరాదో తేలును. నిద్రమాత్ర వలన ఈ రెండింటిలో ఏదియు తేలదు.

ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము అను మూడింటిని శరీరమును నిలబెట్టు ఉపస్తంభములుగా చరకాచార్యులు చెప్పియున్నారు. నిద్ర తగ్గినకొలది వాతము పెరుగునని, వాతము పెరిగినకొలది నొప్పి హెచ్చునని మన శాస్త్రము. ఆధునిక పరిశోధనలు కూడ ఇదే దారికి వచ్చినవి. నిద్ర చాలని మనిషికి నొప్పిని ఓర్చుకొను శక్తి మరునాటికే తగ్గుచున్నట్లు వారు గుర్తించిరి. కనుక నొప్పి నిద్రను చెరచును, చెడిన నిద్ర నొప్పిని పెంచును.

ఏ వేళకు మెలకువ వచ్చుచున్నది?

రోగిని నేను మొదట అడుగు ప్రశ్న ఇది. పడుకొనినది మొదలు మోకాళ్లు లాగుచు, ప్రక్కకు తిరిగినపుడెల్ల కలుక్కుమని మెలకువ వచ్చుచు, ఉదయము లేచి నాలుగడుగులు వేయగనే, అనగా అరగంటలోపే, బిగువు వదలినచో అది సంధివాతము. అరుగుదల వలన వచ్చునది. వయసు మీరినవారిలో, బరువు హెచ్చినవారిలో, గొంతుకూర్చుండి పనిచేయు స్త్రీలలో ఎక్కువ.

తొలిజాము నిద్ర బాగుగనే పట్టి, మూడు నాలుగు గంటలకు చేతివ్రేళ్లు, మణికట్లు వాచి బిగిసినట్లై మెలకువ వచ్చి, తెల్లవారి గంట దాటినను పిడికిలి మూయలేకున్నచో దానిని ఆమవాతముగా అనుమానింపవలెను. రెండు చేతులకు సమానముగా వచ్చుట దీని గుర్తు. మాధవనిదానములో దీనికి ప్రత్యేక అధ్యాయము కలదు. ఆధునికులు రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అనుదానితో దీనికి చాల పోలిక కలదు. ఈ జాతి రోగి తొలి మాసములలోనే ఎముకల, కీళ్లవ్యాధుల నిపుణునికి చూపించుకొని రక్తపరీక్ష చేయించుకొనుట అవసరము. ఆలస్యము చేసినచో కీళ్లు వంకరపోవును, పోయినవి తిరిగిరావు.

అర్ధరాత్రి హఠాత్తుగా కాలి బొటనవ్రేలి మూలము ఎర్రగా వాచి, దుప్పటి తగిలినను ఓర్వలేని మంట పుట్టినచో వాతరక్తము. దానిని పిసుకరాదు. రక్తములో యూరిక్ ఆమ్లమును పరీక్షింపజేసి, మద్యము, మాంసము వదలవలెను.

ఈ మూడింటిలో చేరక, మెడ, నడుము, వెన్నెముక అంతయు కర్రవలె బిగిసి, ప్రక్క మార్చుటకే మరొకరి సాయము కావలసి వచ్చుచున్నచో, ఆ ఇంట పిల్లల దంతములపై పసుపు, గోధుమ రంగు చారలు కూడ ఉన్నచో, రోగిని వదలి నీటిని పరీక్షింపవలెను. ఈ సీమకు వాన తక్కువ. బోరుబావులు లోతునకు పోయినకొలది చాలచోట్ల నీటిలో ఫ్లోరైడు హెచ్చుచున్నది. 1937లోనే నాటి నెల్లూరు జిల్లా గ్రామములలో వైద్యులు మనుష్యులకు ఈ వ్యాధి కలుగుట గుర్తించి ప్రకటించిరి. నల్లగొండ కథ అందరికి తెలిసినదే. మన జిల్లాలో 1990వ దశకము మధ్యలో శ్రీ సత్యసాయి త్రాగునీటి పథకము ఏడువందలకు పైగా గ్రామములకు నీరందించుటకు ముందు ఎందరో బోరునీటినే త్రాగిరి. నేటికిని పొలములలో, తోటలలో కాపురముండువారు అవే నీటిని త్రాగుచున్నారు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఫ్లోరైడు ఉండుట మేలు, వేరు నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు సహింపవచ్చును. కాచినంత మాత్రమున ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరియై మిగిలినది మరింత చిక్కబడును. 2002లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు, చింతపండు తినిన బాలురలో మూత్రము ద్వారా పోవు ఫ్లోరైడు పెరిగినట్లు ప్రకటించిరి. పులుపు తగిలితే కీళ్లు పట్టునని చింతపండునే మానివేయు మన ఇండ్లవారు ఈ మాట గమనింపదగినది. అయినను చారుతో పని జరుగదు, నీరు మార్చవలసినదే.

నూనె ఎవరికి?

గురుకులములో నేను విద్య నేర్చుచున్న దినములలో చేతివ్రేళ్లు వాచిన ఒక గృహిణి వచ్చినది. గురువుగారు ఊరిలో లేరు. వాతము కదా యని నేను గోరువెచ్చని నువ్వులనూనెతో మూడు రాత్రులు మర్దన చేయించితిని. నాలుగవనాడు ఆమె కొంగు సర్దుకొనలేకపోయినది. వారము దినములు నిద్రలేదు. గురువుగారు వచ్చి చూచి, ఆమము నిండిన కీలుకు నూనె రాయుట తడిసిన కట్టెకు నిప్పు పెట్టుట వంటిదని మందలించి, అదేరోజు నూనె మాన్పించి వేడి ఇసుక మూటతో కాపడము పెట్టించిరి. నేటికిని ప్రతి ఇంట ఇదే పొరపాటు చూచుచుందును. నొప్పి యనగనే నూనెగిన్నె!

సంధివాతమునకు మాత్రము నూనె పరమ హితము. పడుకొనుటకు గంట ముందు నాలుగు చెంచాల నువ్వులనూనెను గోరువెచ్చగా చేసి, మోకాలి చుట్టు పావుగంట మెల్లగా రాయవలెను. బలముగా పిసుకుట వలన ప్రయోజనము లేదు. పిమ్మట వంకల గట్లపై దొరకు వావిలాకును పెనముపై కొద్ది నూనెతో వేచి, గుడ్డలో మూటగట్టి కాపడము పెట్టవలెను. అరికాళ్లకు కూడ నూనె రాసి నిమిరినచో నిద్ర త్వరగా పట్టును. అయితే రాత్రి మూత్రమునకు లేచువారు నూనె కాళ్లతో బండలపై అడుగుపెట్టరాదు. తుడిచివేసి పడుకొనవలెను. జారిపడి తుంటి విరిగినవారిని చూచితిని గనుక చెప్పుచున్నాను.

ఆమవాత రోగి శుభ్రమైన ఏటి ఇసుకను బాణలిలో వేచి, మందపు గుడ్డలో కట్టి, మొదట మరొకరు మణికట్టుపై వేడి చూచి, పది నిమిషములు కాపడము పెట్టుకొనవలెను. ఎర్రబడి కాలుచున్న కీలుపై పెట్టరాదు. మధుమేహముతో కాళ్లు తిమ్మిరెక్కినవారు ఏ కాపడమైనను మానుట మంచిది, చర్మము కాలినను వారికి తెలియదు. ఈ రోగికి రాత్రి పెరుగు, మినుము, మిగిలిన చల్లని అన్నము పనికిరావు. కొర్ర అన్నము, కందికట్టు, శొంఠి వేసిన పలుచని చారు తగును. భోజనము నిద్రకు రెండు గంటల ముందే ముగియవలెను.

పడక

వేసవిలో మిద్దె పగలంతయు కాగి అర్ధరాత్రి వరకు సెగ క్రక్కును. వేడికి తొలిజాము నిద్ర, నొప్పికి మలిజాము నిద్ర పోయినచో మిగులునదేమి? ఆరుబయట పడుకొనుట మంచిదే. కాని తెల్లవారుజాము గాలికి కీళ్లు బిగియును, కాళ్లపై దుప్పటి కప్పుకొనవలెను. నడుము జారిపోవు నులకమంచము వెన్నునొప్పివారికి చేటు. నేలపై పడక మోకాళ్లకు చేటు, లేచునపుడు ప్రాణము పోవును. గట్టి పరుపుగల మంచము మేలు. ప్రక్కకు పడుకొనినపుడు రెండు మోకాళ్ల నడుమ మెత్త పెట్టుకొనవచ్చును. వెల్లకిల పడుకొని మోకాలి క్రింద ఎల్లప్పుడు దిండు పెట్టుకొను అలవాటు మాత్రము వద్దు, హాయిగనే యుండును గాని మోకాలు వంగి బిగిసిపోవును.

పగటినిద్ర గ్రీష్మములో అనుమతింపబడినది. తక్కిన ఋతువులలో, రాత్రి మేలుకొనినవారు కోల్పోయిన కాలములో సగము మేర ఉదయమున భోజనమునకు ముందు నిద్రింపవచ్చునని వాగ్భటాచార్యుల మతము. భోజనము చేసి మూడు గంటలు గురకపెట్టి, రాత్రి నిద్ర రాలేదనువారికి మందులేదు. సాయంకాలము నాలుగు దాటిన పిమ్మట కాఫీ, టీ మానవలెను. మెలకువ వచ్చి ఇరువది నిమిషములైనను నిద్ర రానిచో పడకపై దొర్లక లేచి కూర్చుండి, మనసు కుదుటపడిన పిమ్మట పడుకొనవలెను. ఎన్నింటికి పట్టినను లేచు వేళ మారరాదు. పగలు కుర్చీలో కూర్చుండి కాలు చాచి అయిదు లెక్కపెట్టు వరకు నిలిపి దించుట, ఇట్లు పదిమారులు, మోకాలి చుట్టు కండను గట్టిపరచును.

మందులలో ఈ జిల్లాలో పండు పెన్నేరు, అనగా అశ్వగంధ, సంధివాత రోగికి 3 గ్రాముల చూర్ణము పాలతో రాత్రివేళ మేలుచేయును. గర్భిణులు, థైరాయిడ్, కాలేయ వ్యాధులు గలవారు, నిద్రమాత్రలు వాడుచున్నవారు వైద్యుని అడుగక వాడరాదు. డాక్టరుగారిచ్చిన నొప్పిమాత్రను ఆయుర్వేదము పేరు చెప్పి హఠాత్తుగా మానవలదు. దానిని ఏ వేళకు వేసుకొనినచో రాత్రి సుఖముగా గడచునో వారినే అడుగవలెను. సంతలలో పొట్లములుగా అమ్ముడగు "రెండు రోజులలో నొప్పి మాయము" చూర్ణములను ఇంటికి తేరాదు. ముఖము ఉబ్బి, మధుమేహము పెరిగి వచ్చిన ఒక పెద్దాయన అట్టి పొట్లమును పరీక్ష చేయించగా అందు స్టెరాయిడ్ బయటపడినది. అట్టిదానిని నెలల తరబడి వాడినవారు ఒక్కసారిగా మానుటయు ప్రమాదమే, వైద్యుని పర్యవేక్షణలో తగ్గించుకొనవలెను.

జ్వరముతో ఒకే కీలు వాచి కాలుచున్నను, నొప్పి ఏ భంగిమలోను తగ్గక బరువు తగ్గుచున్నను, రాత్రులందు చెమటలు పోయుచున్నను ఇంటివైద్యముతో కాలయాపన చేయక ఆసుపత్రికి పోవలెను. తక్కినవారు ఏడు రాత్రులు మెలకువ వచ్చిన వేళను, నొప్పి పుట్టిన కీలును, ఉదయము బిగువు వదలుటకు పట్టిన కాలమును ఒక కాగితముపై వ్రాసుకొని, ఆ కాగితముతో వైద్యుని వద్దకు రావలెను.